నీడ పడని ఊరు

అనంతయ్య చనిపోయిన గదిలోకి వచ్చి పావుగంట కూడా కాలేదు, రేణు అప్పటికే రెండు అబద్ధాలు చెప్పింది. జనవరి ఇరవయ్యో తేదీ పగలంతా తన అంగట్లోనే ఉన్నానంది. పెద్దాయన్ని ఆఖరిసారి చూసింది పదహారో తేదీన అంది. మూడోది చెప్పబోతుంటే ఎదురుగా కూర్చున్న ప్రతిభ చెయ్యెత్తి ఆపింది.

"ఆగమ్మా. ముందు మంచినీళ్లు తాగు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకో."

రేణు తాగింది. సగం నీళ్లు చీర మీద పడ్డాయి.

ప్రతిభ హోసూరు మనిషి. పదహారేళ్లు బీమా కంపెనీ తరఫున కాలిపోయిన ఫ్యాక్టరీలూ గోడౌన్లూ పరిశీలించి, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటోంది. నలభై ఎనిమిదేళ్లుంటాయి. గొంతు పెంచదు, కళ్లు తిప్పదు. అరిచే మనిషైతే రేణుకు ఇంత భయం వేసేది కాదు.

ప్రతిభ ఒళ్లో ఉన్న చిన్న నోటుబుక్కు తెరిచింది.

"పంతొమ్మిదో తేదీ పొద్దున పదిన్నరకు ఈ ఇంటికొచ్చినావు. కోమలమ్మ నీకు మజ్జిగ ఇచ్చింది. పదకొండూ పదికి మెట్లు దిగినావు. వచ్చేటప్పుడు ఉత్త చేతులు. పోయేటప్పుడు సంకలో ఖాకీ కవరు. మరుసటి రోజు, అంటే ఆయన చనిపోయిన రోజు, పదకొండు గంటల బస్సుకు మీ సొంతూరు వేప్పనపల్లి పోయినావు. సాయంత్రం ఆరుకు తిరిగొచ్చినావు. ఆ కండక్టరుకు నువ్వు బాగా తెలుసు. ఇప్పుడు చెప్పు. ఆ కవరు యాడుంది?"

"నన్ను జైల్లో వేస్తారా మేడమ్?"

"నేను పోలీసును కాదు. నిన్ను జైల్లో వేసే అధికారం నాకు లేదు. కానీ ఆ కవరు కోసం ఎవడో మనిషినే చంపినాడని నా అనుమానం. వాడికి నీ పేరు తెలిసేలోగా నాకు నిజం తెలియాల."

వాడికి నీ పేరు తెలిసేలోగా. ఆ మాటతో రేణు గ్లాసు కింద పెట్టేసింది.

నాలుగు రోజులుగా ఆమెను తింటున్న భయం అదే. కృష్ణగిరిలో ఆమెది చిన్న డీటీపీ అంగడి. పెళ్లి పత్రికలు, అర్జీలు, అఫిడవిట్లు, అన్నీ తమిళంలోనే వస్తాయి. ఆ వీధుల్లో తెలుగు టైపు చేయగలిగింది ఆమె ఒక్కతే. అందుకే పధ్నాలుగు నెలల కింద అనంతయ్య ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అదే ఊళ్లో గ్రానైటు వ్యాపారం చేసి కొడుకు వరస మనిషికి అప్పగించేసిన పెద్దమనిషి. వయసులో ఉన్నప్పుడు రాళ్ల వ్యాపారం కోసం పోయి, ఇటలీ ఉత్తరాన కొండల మధ్య సాన్ వెరోలో అనే చిన్న ఊళ్లో పదకొండేళ్లు ఉన్నాడు. ముసలితనంలో ఆ ఊరి చరిత్రా భూగోళమూ తెలుగులో రాయాలని కూర్చున్నాడు. చూపు మందగించింది కాబట్టి పెద్దపెద్ద అక్షరాలతో చేత్తో రాసేవాడు. రేణు వారానికి రెండుసార్లు వచ్చి, ఆయన చదివి వినిపించింది సరిచూసుకుని, తీసుకుపోయి టైపు చేసేది. తెలియని ఊరు కాస్తా ఆమెకు సొంత వీధంత తెలిసిపోయింది.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం భార్య కోమల కావేరిపట్టణంలో బంధువుల గృహప్రవేశానికి పోయింది. మూడు గంటలకు ఫోన్ చేస్తే అనంతయ్య మాట్లాడాడు. ఐదూ ఇరవైకి ఆమె ఇల్లు చేరేసరికి ఈ గదిలో, గ్రానైటు బల్ల పక్కన, ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. రక్తపోటు మనిషి, కళ్లు తిరిగి పడ్డాడు, బల్ల మూల తలకు తగిలింది అని పోలీసులు రాసుకున్నారు. కోమల ఒప్పుకోలేదు. పది రోజులుగా ఆయన రాస్తున్న ఏడో అధ్యాయం గదిలో కనబడలేదు. అందుకే ప్రతిభను పిలిపించింది.

"ఏడో అధ్యాయమే మేడమ్," అంది రేణు. మాట బయటికి రాగానే ఏడుపు కూడా వచ్చింది. "తొమ్మిది పేజీలు. అంగట్లో పెట్టొద్దమ్మా, నీ దగ్గరే దాచుకొని టైపు చెయ్యి, నాకు తప్ప ఎవరికీ ఇయ్యొద్దు అన్నాడు. నేను ఆ రాత్రి చదివినాను. భయమేసి, తెల్లారి ఊరికి పోయి, అమ్మకు కూడా చెప్పకుండా మా ఇంట్లో దాచొచ్చినాను. సాయంత్రం దిగేసరికి ఆయన పోయినాడని చెప్పినారు."

"ఏముంది దాంట్లో?"

రేణు తలుపు వైపు చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"ఆ ఊళ్లో నల్లరాతి గని ఉండేదంట. పంతొమ్మిది వందల తొమ్మిదిలో కప్పు కూలి పంతొమ్మిది మంది లోపలే ఉండిపోయినారు. లోపల ఎవరూ లేరని చెప్పి ఓనరు గని నోరు మూయించినాడు. రొట్టెలు కాల్చి అమ్మే ఒకామె ఆ పేర్లన్నీ చర్చి గోడ మీద బొగ్గుతో రాసింది. ఓనరు మనుషులు సున్నం కొట్టినప్పుడల్లా మళ్లీ రాసింది. ఇరవై రెండేండ్లు మేడమ్. కడాకు ఊరోళ్లే ఆ పేర్లు రాతిమీద చెక్కించినారు."

"అది నూరేండ్ల కిందటి మాట. దానికి భయమెందుకు?"

"దాని కింద ఆయన రాసినాడు... మా ఇంట్లో కూడా ఇదే జరిగింది, అని. మత్తూరు పక్కన వాళ్ల క్వారీ ఉంది కదా. నాలుగేండ్ల కింద ఆడ బండ జారి ముగ్గురు పోయినారంట. ఒడిశా నుంచి వచ్చిన కూలోళ్లు. ఆ గుంత అట్లనే మట్టి తోలి పూడ్చేసినారు. జీతం తీసుకొని యాడికో పోయినారని వాళ్ల ఇండ్లకు చెప్పినారు. పెద్దాయనకు మొన్నమొన్ననే తెలిసిందంట. ముగ్గురి పేర్లు, ఊర్లు, అన్నీ రాసినాడు. పుస్తకం అచ్చయిన రోజు కలెక్టరు చేతికే ఇస్తానన్నాడు."

"క్వారీ పని ఎవరు చూస్తావుండింది?"

"మోహిత్ సార్. పెద్దాయన ఆయన్ను నిలదీసినాడంట."

మోహిత్ అనంతయ్య తమ్ముడి కొడుకు. ఇప్పుడు వ్యాపారమంతా అతనిదే. ప్రతిభ ఆ పేరు రాసుకోలేదు. నోటుబుక్కు మూసి లేచింది.

"ఈ గదిని నీ అంత బాగా చూసినోళ్లు లేరు. పోలీసులకు ఇది ఉత్త గది. నీకు కాదు. ఏదన్నా మారిందేమో చూడు."

రేణుకు ఆ బల్ల మూల వైపు చూసే ధైర్యం లేదు. గోడలవైపే చూస్తూ నడిచింది. పటాలు ఉన్నచోటే ఉన్నాయి. టైపు చేసిన ఆరు అధ్యాయాలు దారం కట్టి అలమరలో ఉన్నాయి. కళ్లద్దాల పెట్టె, భూతద్దం, పాత టోపీ. కిటికీ పక్కన, నడుమెత్తు చెక్కపీట మీద సాన్ వెరోలో నమూనా ఉంది. అనంతయ్య రాతితోనే చేయించుకున్నాడు. బూడిదరంగు గ్రానైటులో లోయ, సన్నటి ఏరు, తెల్లరాతి ముక్కతో చర్చి. ఊరికి దక్షిణంగా నిటారుగా లేచిన కొండను మాత్రం నల్లరాతితో విడిగా చెక్కించి, గాడిలో నిలబెట్టాడు. దాని పేరు మోంతె స్కూరో. చీకటి కొండ అని ఆయనే అర్థం చెప్పాడు.

రేణు అక్కడ ఆగిపోయింది.

"కొండ తిరిగుండాది మేడమ్."

"అంటే?"

"గని నుంచి ఊళ్లోకి వచ్చే బండ్ల దారి. తెల్లరంగుతో కొండమీద గీత గీసినాడు. ఆ గీత ఊరివైపు ఉండాల. ఇప్పుడు గోడ వైపు ఉండాది. ఆయన అట్ల పెట్టడు మేడమ్. పని ఆమె తుడిచేటప్పుడు రవ్వంత పక్కకు జరిగినా ఊరుకోడు."

ప్రతిభ చేతిసంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి వేసుకుంది. కొండను రెండు చేతుల్తో ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుంది. రెండు కిలోల పైనే ఉంటుంది. శిఖరం గుండ్రంగా, నున్నగా ఉంది. చుట్టూ నమూనా మీద దుమ్ము ఉంది, కొండ మీద మాత్రం తడిబట్టతో తుడిచినట్టు రవ్వంత దుమ్ము కూడా లేదు. ఆమె దాన్ని మెల్లగా తలకిందులు చేసింది. శిఖరం కింద ఉలి గాడుల్లో ఎండిన చింతపండు రంగులో సన్నటి గీత.

"పైన కడిగినాడు. గాడుల్లో పోలేదు," అంది ప్రతిభ తనలో తాను అనుకున్నట్టు. "బల్ల మూల తగిలితే గాయం కోసినట్టుండాల. డాక్టరు కాగితంలో గుండ్రటి గుంత అని రాసినాడు. మొన్నటి నుంచీ అదే నాకు అరగడంలేదు."

రేణు గోడకు ఆనుకుంది. పధ్నాలుగు నెలలు తను ముచ్చటగా చూసిన రాయి అది. దాంతో కొట్టాడు. కొట్టి, కడిగి, పొందిగ్గా మళ్లీ గాడిలో పెట్టాడు. అంత నిదానంగా. ఆమె కళ్లు మూసుకుంది.

"బాగుందమ్మా నాటకం!"

రేణు ఉలిక్కిపడి అరిచింది. గుమ్మంలో గోకుల్ నిలబడి ఉన్నాడు. పోలీసు శాఖలో రిటైరై హోసూరులో సెక్యూరిటీ కంపెనీ నడుపుతున్న మనిషి. అరవై దాటినా మీసం నల్లగా మెరుస్తోంది. ఇంటి పరువు పోకుండా చూడమని మోహిత్ పెట్టుకున్న మనిషి అతనే. లోగడ ఒక ఫ్యాక్టరీ మంటల్లో అతను కరెంటు వల్ల అన్నదాన్ని ప్రతిభ పెట్రోలు వల్ల అని నిరూపించింది. అది అతనింకా మరవలేదు.

"ఏమ్మా ప్రతిభా, రాళ్లతో ఆడుకుంటావుండావా?"

"ఇది ముట్టుకోవద్దు సార్. దీనితోనే కొట్టినారు. పోలీసులకు అప్పజెప్పాల."

గోకుల్ దగ్గరికొచ్చి ఆ గీత చూశాడు. నవ్వు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

"సరే, హత్యే అనుకో. ఎవరు? మోహిత్ అంటావు, నాకు తెలుసు. మూడు నుంచి ఐదూ ఇరవై లోపల కదా సంగతి? ఇది చూడు." ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "వాళ్లింటి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఇరవయ్యో తేదీ, సాయంత్రం నాలుగూ పది. ఆడ టైము పదకొండూ నలభై. మనకంటే నాలుగున్నర గంటలు వెనక. సాన్ వెరోలో చర్చి ముందర నిలబడుండాడు. పెదనాయనా, మీ ఊళ్లో ఉన్నాను అని కింద రాసినాడు. చావు కబురు విని ఇరవై రెండున దిగినాడు. ఇంక ఏం కావాల నీకు?"

"పాస్‌పోర్టు మీద ముద్ర చూసినారా?"

"టికెట్ చూసినాను."

"టికెట్ కొన్నోళ్లందరూ విమానం ఎక్కుతారా సార్?"

"నోరు జాగ్రత్తమ్మా! ఫొటో అబద్ధం చెప్తుందా? అది ఆ చర్చి కాదా?" గోకుల్ ఫోన్‌ను రేణు మొహం ముందుకు తోశాడు. "నువ్వే కదా టైపు చేసింది? చెప్పు. ఇది ఆ ఊరేనా, కాదా?"

రేణు చూసింది. ఆ మెట్లు, ఆ తలుపు, పక్కగోడ మీద చెక్కిన పేర్ల వరస. అన్నీ ఆయన రాసినట్టే ఉన్నాయి. మోహిత్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యెత్తి నవ్వుతున్నాడు.

"ఆ ఊరే సార్," అంది.

గోకుల్ గెలిచినట్టు ప్రతిభవైపు తిరిగాడు. కానీ రేణు చూపు ఇంకా ఫోన్ మీదే ఉంది. మోహిత్ కాళ్ల దగ్గర నుంచి మూడు మెట్ల కిందిదాకా నల్లగా, స్పష్టంగా సాగి ఉంది అతని నీడ. ఆమె చేత్తో టైపు చేసిన వాక్యం ఒకటి అక్షరం అక్షరంగా గుర్తొచ్చింది. చెప్పకూడదేమో. చెప్తే ఈ మనిషి పోయి మోహిత్‌కు చెప్తాడు. నోరు మూసుకుని ఇంటికి పోతే చాలు. అట్లా అనుకుంటూనే ఉంది, మాట బయటికొచ్చేసింది.

"ఆ ఊళ్లో ఇప్పుడు నీడ పడదు సార్."

"ఏమంటివి?"

"రెండో అధ్యాయంలో రాసినాడు. నవంబరు పదకొండు నుంచి ఫిబ్రవరి రెండు దాకా ఊళ్లో ఎవరి నీడా నేల మీద పడదు. కొండ అడ్డం. ఎనభై మూడు దినాలు ఎండ ఊరిని తాకదు. ఫిబ్రవరి రెండో తేదీన చర్చి మెట్ల మీద తొలి ఎండ పడితే గంటలు కొట్టి, అందరూ బయటికొచ్చి నిలబడతారంట."

"చలికాలమైతే ఎండే రాదా? మనకు రావడంలేదా?" అన్నాడు గోకుల్.

ప్రతిభ కిటికీ తెరలు లాగేసింది. గది మసకబారింది. కొండను గాడిలో, తెల్లగీత ఊరివైపు వచ్చేటట్టు నిలబెట్టింది. ఫోన్ టార్చి వెలిగించి కొండ వెనక, దక్షిణం వైపు, బాగా కిందికి పట్టుకుంది.

"ఆ దేశం మనకు చాలా ఉత్తరాన ఉంది సార్. జనవరిలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన ఇంత కిందనే ఉంటాడు. చూడండి."

ఊరంతా చీకట్లో ఉంది. తెల్లరాతి చర్చి కూడా కనబడలేదు. ప్రతిభ టార్చిని తూర్పు నుంచి పడమరకు మెల్లగా నడిపించింది. నమూనాలో ఒక పగలంతా గడిచింది, చర్చి మీద వెలుగు పడలేదు. తర్వాత చెయ్యి జానెడు పైకెత్తింది. కొండ అంచు దాటి వెలుగు వచ్చి చర్చి మెట్ల మీద పడింది.

"ఇది అక్టోబరు. అక్టోబరులో మోహిత్ ఇటలీ పోయినాడా?"

గోకుల్ ఆ ఫొటో మళ్లీ చూశాడు. "పోయినాడు," అన్నాడు. "మెషీన్లు చూసేదానికి."

"అప్పుడు తీసిన ఫొటో అది. ఇరవయ్యో తేదీ నాలుగూ పదికి ఈ గదిలో నిలబడి పంపినా పంపుంటాడు."

గోకుల్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అతని మొహంలో రంగు పోవడం రేణు చూసింది. ఇంత పెద్ద మనిషికి కూడా భయం వేస్తుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు.

"ఈ పొద్దున ఎనిమిదిన్నరకు నన్ను అడిగినాడు," అన్నాడు నేల చూస్తూ. "పెద్దాయన పుస్తకం మనమే అచ్చు వేయించాల, టైపు చేసేదెవరు అని. నేనే కనుక్కొని చెప్పినాను. పేరు, అంగడి, సొంతూరు... అమ్మ ఒక్కతే ఆడ ఉంటాదని కూడా."

"ఇప్పుడు యాడుండాడు?"

"హోసూరు ఆఫీసులో ఉంటానన్నాడు."

రేణు ఫోన్ మోగింది. తెర మీద అమ్మ పేరు. వేలు రెండుసార్లు జారి మూడోసారి తగిలింది. ప్రతిభ సైగ చేస్తే స్పీకరు నొక్కింది.

"పాపా, నీకోసరం ఎవరో సారు వచ్చినారు," అంది కెంపమ్మ సంబరంగా. "కారులో వచ్చినారు. పండ్లు తెచ్చినారు. నువ్వు దాచిపెట్టిన కవరు కావాలంట. నాకేం తెలుసప్పా, బిడ్డనే అడగండి అన్నాను. ఇదో, మాట్లాడు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"రేణమ్మా, బాగుండావా? నేను మోహిత్‌ని."

ప్రతిభ నోటుబుక్కులో గబగబా ఒక మాట రాసి చూపించింది. 'మాట్లాడించు.' రేణు పెదవులు తడుపుకుంది.

"బాగుండాను సార్. మీరు... మీరు ఇటలీ నుంచి ఎప్పుడొచ్చినారు? పెద్దాయన ఊరు చూసినారంట కదా. ఆడ చలి జాస్తిగా ఉండిందా?"

"చలి ఏమంత లేదమ్మా. బాగా ఎండ కాసింది." అతను నవ్వాడు. "కవరు యాడ పెట్టినావు?"

గోకుల్ కళ్లు మూసుకున్నాడు.

"అంగట్లో ఉండాది సార్," అంది రేణు. అమ్మ ఇంట్లో వెతకకుండా పోతే చాలనుకుంది. "ఆడికి రండి. తాళం తీసి ఇస్తాను. మా అమ్మకేం తెలీదు సార్. ముసలామె. ఆమెను వదిలేయండి."

"అయ్యో, వదిలేసేదేముంది? మంచి మనిషి. కాఫీ ఇచ్చింది. అంగడి వద్దమ్మా, బజారులో నలుగురూ చూస్తారు. నువ్వు కవరు తీసుకొని మత్తూరు క్వారీ కాడికి రా. ఒక్కదానివే రా. మీ అమ్మను నేను కారులో పిలుచుకొస్తాను. తోడుగా ఉంటాది."

"ఆమెకు మోకాళ్ల నొప్పి సార్..."

"నడిచే పనేముంది?"

దూరంగా కెంపమ్మ గొంతు వినిపించింది, పక్కింటివాళ్లకు చెబుతోంది, బిడ్డ దగ్గరికి కారులో పోతున్నానని. కారు తలుపు పడిన చప్పుడు. ఫోన్ కట్టయింది. రేణు మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్. మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్.

ప్రతిభ చేతి గడియారం చూసింది. పన్నెండూ ఇరవై.

"వేప్పనపల్లి నుంచి మత్తూరు క్వారీకి ఎంతసేపు సార్?"

"గంటా పది," అన్నాడు గోకుల్. జేబులోంచి కారు తాళాలు తీశాడు. "ఈడ నుంచి నలభై నిమిషాలు. పోలీసులకు దారిలో ఫోన్ చేస్తాను. కానీ ఆ క్వారీకి ఒకటే దారమ్మా. పైన నిలబడితే వచ్చే బండ్లన్నీ కనబడతాయి. ఈ పిల్ల కాకుండా ఇంకొకరు కనబడితే..."

ప్రతిభ ఒక్క క్షణం ఆలోచించింది. రేణును ఈ ఇంట్లోనే, కోమల దగ్గర కూర్చోబెట్టి పోవాలా, వెంట తీసుకుపోవాలా అని అడగడానికి ఆమెవైపు తిరిగింది.

నమూనా దగ్గర ఎవరూ లేరు. రేణు అప్పటికే మెట్లు దిగుతోంది.